జేబులో పట్టే చిన్న మడత చాకు: ఏది ఎవరికి సరిపోతుంది

రోజూ జేబులో పెట్టుకు తిరగడానికి ఏ చాకు కొనమంటారు అని ఎవరైనా అడిగితే నేను వెంటనే కంపెనీ పేరు చెప్పను. ముందు రెండు విషయాలు అడుగుతాను. దానితో ఏం కోస్తారు? దాన్ని వెంటబెట్టుకుని ఎక్కడెక్కడికి వెళ్తారు? ఈ రెండూ తేలితే అంగట్లో ఉన్న చాకుల్లో సగం వాటంతటవే పక్కకు తప్పుకుంటాయి. స్టీలు రకం, తెరిచిన బ్లేడు మూసుకోకుండా పట్టి ఉంచే లాకు రకం, పిడి రంగు ఆ తర్వాతి సంగతులు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఊళ్లోనో నగరంలోనో మామూలు పనులు చేసుకునే మనిషికి మూడంగుళాల లోపు బ్లేడు, 50 గ్రాముల లోపు బరువు, పల్చటి అంచు ఉంటే చాలు. లాకు లేకపోయినా నష్టం లేదు. ఇంకాస్త గట్టిగా చెప్పాలంటే, చాలామందికి లాకు లేని చాకే మంచిది.

ఏం కోస్తారు?

ఒక వారం రోజులు గమనించుకోండి. కొరియర్ పార్సిల్ మీది టేపు, పాల ప్యాకెట్ మూల, బస్తా నోరు కట్టిన పురికొస, కొత్త చొక్కాకు వేలాడే ప్లాస్టిక్ ట్యాగు, మందుసీసా మూతకున్న సీలు, ప్రయాణంలో కొన్న జామకాయ. దాదాపు అందరి జాబితా ఇలాగే ఉంటుంది. వీటిలో దేనికీ రెండంగుళాలకు మించిన అంచు అక్కర్లేదు. యాపిల్‌నో బత్తాయినో ఒకే కోతలో రెండు చెక్కలు చేయాలంటే మాత్రం బ్లేడు ఆరేడు సెంటీమీటర్లు ఉంటే హాయి. ఉల్లిపాయలు తరగాలన్నా, రొట్టె కోయాలన్నా ఎనిమిది సెంటీమీటర్లు కావాలి. అది జేబు దాటి వంటింటి వైపు వెళ్లిన అవసరం.

పొలం పనుల లెక్క వేరు. డ్రిప్ పైపు ముక్కలు కోయడం, టమాటా పాదులకు కట్టిన సుతిలి తెంపడం, షేడ్‌నెట్ చీల్చడం, ఎరువుల బస్తా విప్పడం లాంటివి ఒక చేత్తో చేయాల్సి వస్తాయి. రెండో చేతిలో పైపో కొమ్మో ఉంటుంది. అలాంటివాళ్లకు బొటనవేలితో తెరుచుకునే చాకు, దానికొక లాకు నిజంగా అవసరం. మొక్కలకు అంట్లు కట్టేవాళ్లు మాత్రం ఈ చాకులతో సరిపెట్టుకోకూడదు. ఆ పనికి అంచు ఒకవైపే సాన పట్టిన ప్రత్యేకమైన చాకు ఉంటుంది, కోత చదునుగా రావాలంటే అదే కావాలి.

చేయకూడని పనులు కూడా మొదటే తెలుసుకోవాలి. కొబ్బరికాయ పగలగొట్టడం, పెయింటు డబ్బా మూత ఎత్తడం, బ్లేడు మొనతో స్క్రూ తిప్పడం. చిన్న చాకుల మొనలు విరిగేది దాదాపు ఎప్పుడూ ఈ పనుల్లోనే.

ఇంకొకటి. ఆత్మరక్షణకు పనికొస్తుందా అని అడిగేవాళ్లుంటారు. ఆ ఉద్దేశంతో అయితే దయచేసి కొనకండి. గొడవలో చాకు బయటికి తీస్తే మీకూ ఎదుటివారికీ ప్రమాదం పెరుగుతుంది, చట్టం దృష్టిలో మీ స్థానమే మారిపోతుంది. ఇక్కడ మాట్లాడుతున్నది పనిముట్టు గురించి.

కొనేముందు చట్టం చూడండి

ఈ భాగం చాలామంది దాటేస్తారు. నేను దీన్ని బరువుకన్నా, స్టీలుకన్నా ముందు పెడతాను.

మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం, 2016 నాటి ఆయుధాల నిబంధనలు ఉన్నాయి. తొమ్మిదంగుళాలకు మించిన పొడవు గానీ, రెండంగుళాలకు మించిన వెడల్పు గానీ ఉండి, ఇంటి అవసరాలకో వ్యవసాయానికో పరిశ్రమకో తయారు చేయని కత్తులను ఆ నిబంధనలు ఆయుధాల వర్గంలో చేరుస్తాయి. జేబు చాకు ఆ కొలతకు దరిదాపుల్లో కూడా ఉండదు. అంతమాత్రాన ఎక్కడైనా పెట్టుకు తిరగొచ్చని కాదు. ఒక ప్రాంతానికి ప్రత్యేకంగా ఆంక్షలు పెట్టే అధికారం అదే చట్టంలోని నాలుగో సెక్షన్ ప్రభుత్వానికి ఇచ్చింది. ఢిల్లీలో 1980లో అలాంటి నోటిఫికేషన్ వచ్చింది. బ్లేడు 7.62 సెంటీమీటర్లు, ఆపైన పొడవు, 1.72 సెంటీమీటర్లు, ఆపైన వెడల్పు ఉన్న బటన్ చాకులు, స్ప్రింగు చాకులు, అలాంటి అమరికతో తెరుచుకునే మిగతా చాకులు బహిరంగ ప్రదేశంలో దగ్గర పెట్టుకుంటే అక్కడ కేసు అవుతుంది. ఉద్యోగం మీద ఢిల్లీ వెళ్లొచ్చే మనవాళ్లు ఈ సంఖ్య గుర్తుపెట్టుకోవాలి. 7.62 అంటే సరిగ్గా మూడంగుళాలు.

తెలుగు రాష్ట్రాల్లోనూ ఎన్నికలప్పుడు, పెద్ద ఊరేగింపులప్పుడు పోలీసు కమిషనర్లు నిషేధాజ్ఞలు ఇస్తుంటారు. అలాంటి రోజుల్లో చాకు ఇంట్లో ఉంచడమే మంచిది. మెట్రో తనిఖీల దగ్గర, కోర్టుల్లో, సినిమా హాళ్లలో, తిరుమల వెళ్లేవాళ్లకు అలిపిరి దగ్గర సామాను స్కానింగు ఉంటుంది. అక్కడ వాదించి ప్రయోజనం లేదు, ఆ ప్రయాణానికి చాకు తీసుకెళ్లకపోవడమే మార్గం. విమానంలో ఎంత చిన్నదైనా క్యాబిన్ సంచీలో పెట్టకండి. చెకిన్ పెట్టెలో, అంచు ఎవరికీ తగలకుండా చుట్టి పెట్టాలి. తాళంచెవుల గుత్తికి తగిలించిన చిన్న చాకును మరిచిపోయి విమానాశ్రయంలో పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ. బయల్దేరే ముందు గుత్తి ఒకసారి తడిమి చూసుకోండి.

విదేశాల్లో ఉన్నవాళ్లకు తేడాలు ఇంకా ఎక్కువ. బ్రిటన్‌లో 1988 నాటి క్రిమినల్ జస్టిస్ చట్టం ప్రకారం, అంచు మూడంగుళాలు మించని, మడిచే, లాకు లేని చాకును కారణం చెప్పకుండా వెంట ఉంచుకోవచ్చు. లాకు ఉంటే రెండంగుళాల చాకైనా సరే తగిన కారణం చూపాలి. ఆయుధంగా వాడే ఉద్దేశం ఉంటే ఏ చాకైనా నేరమే. చదువుకోవడానికి లండన్, లీడ్స్ వెళ్లే పిల్లల సామానులో లాకున్న చాకు సర్దకండి. జర్మనీలో తీరు ఇంకొకటి. ఒంటిచేత్తో తెరుచుకుని, పైగా లాకు పడే చాకును తగిన కారణం లేకుండా వెంట తీసుకెళ్లకూడదు. రెండు చేతులతో తెరిచేదానికి ఆ అడ్డు లేదు. 2024 అక్టోబరులో అక్కడ దూరప్రాంత రైళ్లు, బహిరంగ ఉత్సవాల విషయంలో నిబంధనలు మరింత బిగించారు. అమెరికాలో రాష్ట్రానికో మాట, నగరానికో మాట. టెక్సస్‌లో 2017 నుంచి ఐదున్నర అంగుళాల వరకు పెద్దగా పట్టింపు లేదు. షికాగోలో రెండున్నర అంగుళాలు దాటిన చాకును దాచి తీసుకెళ్లడం నిషేధం. ఫెడరల్ భవనాల్లో ఆయుధాల నిషేధానికి రెండున్నర అంగుళాల లోపు జేబు చాకును చట్టం మినహాయించింది గానీ, గేటు దగ్గర సెక్యూరిటీ ఒప్పుకుంటుందన్న భరోసా లేదు.

ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. బ్లేడు రెండున్నర అంగుళాల లోపు ఉండి, లాకు లేని చాకు అయితే, తనిఖీలు, నిషేధాజ్ఞలు ఉన్న చోట్లు మినహా వీటిలో ఎక్కడా మీకు పెద్ద ఇబ్బంది రాదు. నా సిఫారసు వెనక ఉన్న పెద్ద కారణం ఇదే.

బరువు

మనం వేసుకునే బట్టలు పల్చటివి. కాటన్ ప్యాంటు జేబులో వంద గ్రాముల చాకు వేస్తే నడుస్తున్నప్పుడు తొడకు కొట్టుకుంటుంది, జేబు అడుగు సాగిపోతుంది, ఫోను గాజు మీద గీతలు పడతాయి. కొన్న కొత్తలో సరదాగా పెట్టుకుంటారు. తర్వాత అది బల్లసొరుగులోకి చేరుతుంది. 50 గ్రాముల లోపు అయితే ఉందన్న ధ్యాసే ఉండదు. 20 గ్రాములది తాళంచెవుల గుత్తిలో కలిసిపోతుంది.

చొక్కా జేబులో వేయొద్దు. వంగినప్పుడు జారి పడుతుంది, బావి దగ్గరో మోటారు షెడ్డు దగ్గరో అయితే ఇక దొరకదు. క్లిప్పున్న చాకును ప్యాంటు జేబు అంచుకు తగిలించుకోవచ్చు, కానీ బయటికి కనపడే క్లిప్పు ఆఫీసులో, బస్సులో నలుగురి కళ్లలో పడుతుంది. కుర్తా పైజామా వేసుకునేవాళ్లకు క్లిప్పు కన్నా చిన్న తోలు తొడుగు నయం. చీర కట్టుకునేవాళ్లు, జేబుల్లేని దుస్తులు వేసుకునేవాళ్లు హ్యాండ్‌బ్యాగు లోపలి అరలో పెట్టుకుంటే, వెతికేటప్పుడు వేళ్లకు తగలకుండా గట్టిగా మూసి ఉండే చాకే చూసుకోవాలి. స్ప్రింగు వదులైనవి సంచిలో వాటంతటవే కాస్త తెరుచుకుంటాయి.

కోసేది మందం, స్టీలు పేరు కాదు

ప్రకటనల్లో స్టీలు పేరు పెద్ద అక్షరాల్లో వేస్తారు. బ్లేడు వెన్ను ఎంత మందమో చిన్నగా రాస్తారు, కొన్నిసార్లు అసలు రాయరు. చేతికి తెలిసే తేడా మాత్రం మందంలోనే ఉంటుంది.

దోర జామకాయను తీసుకుని రెండు చాకులతో కోసి చూడండి. వెన్ను నాలుగు మిల్లీమీటర్లున్న బరువైన చాకు పైతొక్కలో సులువుగానే దిగుతుంది. సగానికి వచ్చేసరికి బ్లేడు పక్కలు కాయను రెండువైపులా నెట్టడం మొదలుపెడతాయి. అక్కడి నుంచి కోత ఉండదు, టప్పున చీలుతుంది. చెక్క అడ్డదిడ్డంగా విడిపోతుంది, గింజలు బల్ల మీద పడతాయి. రెండు మిల్లీమీటర్ల లోపు మందమున్న బ్లేడు అదే కాయలో ఒకే జోరున కిందిదాకా దిగుతుంది. ముక్క అంచు నున్నగా ఉంటుంది. పల్చటి చాకు పదును కాస్త తగ్గినా ఇలాగే కోస్తుంది. మందపు చాకు ఎంత ఖరీదైన స్టీలుదైనా, ఎంత పదునుగా ఉన్నా, గట్టి కాయలో బిగుసుకుంటుంది. అట్టపెట్టెల దగ్గర కూడా ఇదే తేడా కనపడుతుంది.

పల్చదనానికి ఒక నష్టం ఉంది. పక్కకు వంచితే విరుగుతుంది. పైన చెప్పిన చేయకూడని పనులు చేయనన్నాళ్లూ ఆ నష్టం మీ దాకా రాదు.

లాకు కావాలా?

లాకు లేని పాతకాలపు పద్ధతిలో పిడి వెనక ఒక ఉక్కు స్ప్రింగు ఉంటుంది. బ్లేడు మడమను, అంటే పిడి వైపు చివరను, అది నొక్కిపట్టి ఉంచుతుంది, తెరిచినా మూసినా టక్కుమని కూర్చుంటుంది. కింది వైపుకు ఒత్తి కోసినంతసేపూ బ్లేడు మూసుకునే ప్రశ్నే లేదు, మీ ఒత్తిడే దాన్ని తెరిచి ఉంచుతుంది. ప్రమాదం ఎక్కడంటే, మొనతో పొడిచేటప్పుడు, ఇరుక్కున్న బ్లేడును వెన్ను వైపు ఊపుతూ లాగేటప్పుడు. మందపాటి ప్లాస్టిక్ డబ్బాకు రంధ్రం పెట్టే అలవాటున్నవాళ్లకు, తడి చేతులతో పనిచేసేవాళ్లకు లాకు అవసరమే.

లాకుల్లో తేడాలు ఉన్నాయి. పిడి లోపలి రేకు వంగి బ్లేడు వెనక అడ్డుపడే లైనర్ లాకు అన్నిటికన్నా చవక, అన్నిటికన్నా ఎక్కువగా దొరికేది. మూసేటప్పుడు బొటనవేలు బ్లేడు దారిలోనే ఉండాలి, దాన్ని తప్పించడం అలవాటు కావాలి. పైగా అది కుడిచేతివాటం వాళ్ల కోసం అమర్చింది. ఎడమచేతివాటం వాళ్లు వెన్ను మీద నొక్కే బ్యాక్ లాకు గానీ, రెండువైపులా బొత్తాలుండే అడ్డకడ్డీ లాకు గానీ చూసుకోవాలి. ఏ లాకైనా జేబులోని దూది నలుసులు, ఇసుక చేరితే సరిగా పడదు. లాకు ఉందన్న ధీమాతో చాకును పలుగులా వాడేవాళ్లకు లాకు వల్ల మేలుకన్నా కీడే ఎక్కువ.

ఐదు చాకులు

ఇప్పుడు పేర్లు చెబుతాను. వీటిలో ఎక్కువ భాగం దశాబ్దాలుగా తయారవుతున్నవి, గుణం తెలిసినవి.

విక్టోరినాక్స్ క్లాసిక్ ఎస్‌డీ. స్విట్జర్లాండ్‌లోని ఇబాక్‌లో కార్ల్ ఎల్సెనర్ 1884లో మొదలుపెట్టిన కంపెనీ ఇది. మూసినప్పుడు 58 మిల్లీమీటర్లు, బరువు 21 గ్రాముల చుట్టూ. చిన్న బ్లేడు, కత్తెర, గోళ్ల ఆకురాయి, దాని చివరే చిన్న స్క్రూడ్రైవరు, పిడిలో దాగిన పట్టకారు, పళ్లపుల్ల. బ్లేడు నాలుగు సెంటీమీటర్లలోపే, కాబట్టి దీన్ని చాకుగా కాక చిన్న పనిముట్ల పెట్టెగా చూడాలి. కత్తెర ఒక్కటే దాని ధరకు న్యాయం చేస్తుంది. విడిపోయిన దారం, గోరు, బ్యాండేజీ పట్టీ, పిల్లల మందు సాషే, అన్నీ దానితోనే అవుతాయి. కాల్లో తుమ్మముల్లు దిగినప్పుడు ఆ పట్టకారు విలువ తెలుస్తుంది. జీవితంలో ఎప్పుడూ చాకు పెట్టుకోనివాళ్లకు, ఆఫీసు ఉద్యోగులకు నేను మొదట చెప్పేది ఇదే. పండు కోయడానికి మాత్రం చాలదు.

విక్టోరినాక్స్ క్యాడెట్, అల్యూమినియం పిడిది. 84 మిల్లీమీటర్లు, 45 గ్రాములు, కాస్త అటూఇటూ. పల్చగా, చదునుగా ఉంటుంది. గరుకు అచ్చు వేసిన అల్యూమినియం పలకలు తడిచేతిలో కూడా జారవు. ఆరు సెంటీమీటర్లకు కొంచెం పైనున్న బ్లేడు, సీసా మూత తీసేది, డబ్బా కోసేది, ఆకురాయి ఉంటాయి. కత్తెర, పట్టకారు ఉండవు. లాకు లేదు. ఈ ఐదింటిలో ఒక్కటే ఎంచుకోమంటే నేను దీన్నే తీసుకుంటాను. పండు కోస్తుంది, పార్సిల్ కోస్తుంది, స్క్రూ తిప్పడానికి వేరే ముక్క ఉంది కాబట్టి బ్లేడు మొన భద్రంగా ఉంటుంది, చూసినవాళ్లకు భయం కలిగించదు. లోహాల గట్టిదనాన్ని కొలిచే రాక్‌వెల్ కొలతలో విక్టోరినాక్స్ బ్లేడ్ల గట్టిదనం 56. ఖరీదైన చాకులతో పోలిస్తే ఇది మెత్తనే. పదును త్వరగా తగ్గుతుంది, అంతే త్వరగా తిరిగొస్తుంది కూడా. దాన్ని తెరవడానికి మాత్రం గోటితో గాడి పట్టి లాగాలి. గోళ్లు పొట్టిగా కత్తిరించుకునేవాళ్లకు కొత్త స్ప్రింగు మొదటి నెలంతా గట్టిగా అనిపిస్తుంది.

ఒపినెల్. ఫ్రాన్స్‌లో ఆల్ప్స్ పర్వతాల పక్కనున్న సావోయ్ ప్రాంతపు రైతుల చాకు ఇది. జోసెఫ్ ఒపినెల్ 1890లో రూపొందించాడు, 1897లో ఒకటి నుంచి పన్నెండు దాకా నంబర్లు ఇచ్చాడు. బీచ్ అనే చెట్టు చెక్కతో చేసిన పిడి, పల్చటి బ్లేడు, మధ్యలో ఒక మేకు, అంతే. 1955లో చేర్చిన ఉక్కు ఉంగరాన్ని వేలితో తిప్పితే లాకు పడుతుంది. 2000 నుంచి మూసిన స్థితిలోనూ ఆ ఉంగరం పడుతుంది, అందువల్ల సంచిలో తెరుచుకోదు. ఎనిమిదో నంబరుకు పేరెక్కువ, దాని బ్లేడు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. జేబుకు నేనైతే ఏడు సెంటీమీటర్ల బ్లేడున్న ఆరో నంబరు చెబుతాను, అది 30 గ్రాములకు అటూఇటూ ఉంటుంది. రెండు నుంచి ఐదు వరకు నంబర్లకు ఉంగరం ఉండదు, కాబట్టి బ్రిటన్‌లో ఉన్నవాళ్లు ఆరు సెంటీమీటర్ల ఐదో నంబరు తీసుకోవచ్చు. పండ్లు, కూరగాయలు కోయడంలో ఈ ఐదింటిలో దీన్ని మించింది లేదు.

దీని బలహీనత చెక్కే. వానాకాలంలో తేమ పీల్చి పిడి ఉబ్బుతుంది, బ్లేడు గాడిలో బిగుసుకుంటుంది, గోటికి రాదు. సావోయ్ వాళ్లు దీనికో కిటుకు కనిపెట్టారు. ఉంగరం వదులు చేసి, పిడి అడుగు చివరను బల్ల మీద గట్టిగా తడతారు, బ్లేడు మొన కొద్దిగా బయటికి వస్తుంది, అప్పుడు పట్టుకుని లాగుతారు. కొన్నప్పుడే మేకు చుట్టూ చెక్కకు కాస్త నూనె పట్టించి ఆరనిస్తే ఈ బాధ చాలా తగ్గుతుంది. నీళ్లలో నానబెట్టడం, గిన్నెలతో పాటు కడగడం అసలు చేయకూడదు. కార్బన్ స్టీలు, స్టెయిన్‌లెస్ రెండూ దొరుకుతాయి. ఏది తీసుకోవాలో తుప్పు దగ్గర చెబుతాను.

స్పైడర్కో డ్రాగన్‌ఫ్లై. అమెరికాలోని కొలరాడో కంపెనీది, తయారీ జపాన్‌లోని సెకి పట్టణంలో. బ్లేడు 58 మిల్లీమీటర్లు, బరువు 34 గ్రాములు. బ్లేడులో గుండ్రటి రంధ్రం ఉంటుంది, బొటనవేలితో నెడితే తెరుచుకుంటుంది. 1981లో ఆ కంపెనీ తన మొదటి మడత చాకులోనే ఆ రంధ్రాన్ని, జేబు క్లిప్పును తెచ్చింది. పిడి చిన్నదే అయినా, బ్లేడు మొదట్లో పదును లేని ఒక వంపు ఉంది. చూపుడువేలు అక్కడ ఆనించి పట్టుకుంటే పెద్ద చాకు పట్టినంత పట్టు దొరుకుతుంది. మూసేటప్పుడు కూడా మడతపడే బ్లేడులో ముందుగా వేలికి తగిలేది ఆ మొద్దు వంపే, అంచు కాదు. ఒంటిచేత్తో పనిచేసేవాళ్లకు, ఎడమచేతివాటం వాళ్లకు, పొలాల్లో తిరిగేవాళ్లకు ఇది నా మొదటి ఎంపిక. ఒంటిచేత్తో తెరుచుకోవడమే కాక లాకు కూడా ఉంది కాబట్టి బ్రిటన్, జర్మనీలకు మాత్రం పనికిరాదు.

బెంచ్‌మేడ్ బగౌట్. 2017లో వచ్చింది. 82 మిల్లీమీటర్ల బ్లేడున్నా బరువు 52 గ్రాములే. అంత పెద్ద చాకు అంత తేలికగా రావడం నిజంగా గొప్ప పనితనం. మూసేటప్పుడు వేళ్లేవీ బ్లేడు దారిలోకి రావు. దీని చిన్నది మినీ బగౌట్, 43 గ్రాములు, బ్లేడు 72 మిల్లీమీటర్ల చుట్టూ. అమెరికాలోనే వంద డాలర్లు దాటిన ధర. టెక్సస్‌లో ఇల్లు కట్టుకుని, తోటపని, క్యాంపింగు అలవాటైనవాళ్లకు పెద్దదాన్ని సంతోషంగా చెబుతాను. హైదరాబాదులో ఆఫీసుకు వెళ్లొచ్చే మనిషికి చెప్పను. మన అవసరానికి అది పొడవు, ఢిల్లీ కొలతకు ఎక్కువ, పోతే బాధ.

వీటి నకిలీలు కూడా అమ్ముతుంటారు. అసలు ధరలో పావువంతుకు వస్తుందంటే అనుమానించండి. ఊరూపేరూ లేని బరువైన బటన్ చాకు చవకగా వస్తోందని తీసుకోకండి. దాని లాకు నమ్మలేం, పోలీసుల దృష్టిలో అది అచ్చంగా ఆయుధం.

తుప్పు, పదును

కాకినాడ, మచిలీపట్నం, విశాఖ లాంటి సముద్రపు గాలి తగిలే చోట్ల, ఎండాకాలం చెమటతో జేబు తడిసే చోట్ల తుప్పు పెద్ద సమస్యే. కార్బన్ స్టీలు ఒపినెల్‌తో మామిడికాయ కోసి తుడవకుండా మడిస్తే కాసేపటికే బ్లేడు నల్లబడుతుంది. ఆ నలుపు వల్ల హాని లేదు, పైపెచ్చు కొంత రక్షణే. ఎర్రగా పొడిలా లేచేది మాత్రం తుప్పు. చింతపండు, నిమ్మ, మామిడి రోజూ తగిలే ఇంట్లో, తుడవడం అలవాటు లేనివాళ్లు స్టెయిన్‌లెస్ తీసుకోవడమే సుఖం. కార్బన్ స్టీలు మీద పదును చాలా సులువుగా వస్తుందన్నది నిజం, కానీ దానికి రోజూ కొంత శ్రద్ధ కావాలి.

చవక చాకుల్లో ఈమధ్య ఎక్కువగా కనపడే డీ2 స్టీలు గురించి ఒక మాట. అందులో క్రోమియం దాదాపు 12 శాతం ఉన్నా, చాలా భాగం కార్బన్‌తో కలిసి గట్టి రేణువులుగా మారిపోతుంది. తుప్పును ఆపడానికి మిగిలేది తక్కువ. పదును బాగా నిలుస్తుంది, కోస్తాలో మాత్రం మచ్చలు పడుతుంది. డ్రాగన్‌ఫ్లైలో వాడే వీజీ10 స్టీలు అయితే పదును నిలుపుతుంది, తుప్పునూ బాగా తట్టుకుంటుంది.

సాన పట్టడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. చిన్న సానరాయి ఒకటి చాలు. అదీ లేకపోతే పింగాణీ కప్పును బోర్లించి, అడుగున మెరుపు పూత లేని గరుకు అంచు మీద మెల్లగా లాగినా విక్టోరినాక్స్ లాంటి మెత్తని స్టీలుకు పదును వస్తుంది. ఏటవాలు ఎంతన్నది తెలియకపోతే, అంచు పొడవునా నల్ల మార్కర్ పెన్నుతో గీయండి. రాయి మీద రెండుసార్లు లాగి వెలుతురులో చూడండి. సిరా అంచు చివర చెరిగిందంటే కోణం సరిగ్గా ఉంది. పైన మాత్రమే చెరిగి చివర నలుపు మిగిలితే బ్లేడును ఇంకాస్త లేపాలి. వీధిలో సైకిల్ చక్రం మీద సాన పట్టేవాళ్లకు వంటింటి కత్తిపీట ఇవ్వండి, ఈ చిన్న చాకు ఇవ్వకండి. పల్చటి బ్లేడు ఆ చక్రం మీద క్షణాల్లో వేడెక్కుతుంది. అంచు దగ్గర గోధుమ రంగో నీలమో తిరిగిందంటే అక్కడి ఉక్కు గట్టిదనం పోయినట్టే, ఇక పదును నిలవదు.

జేబు దుమ్ము మేకు దగ్గర పేరుకుంటుంది. లోహపు, ప్లాస్టిక్ పిడి ఉన్నవాటిని గోరువెచ్చని నీళ్లలో నాలుగుసార్లు తెరిచి మూసి, పూర్తిగా ఆరబెట్టి, కుట్టుమిషన్ నూనె ఒక చుక్క వేస్తే చాలు. పండ్లు కోసే ముందు బ్లేడు తుడుచుకోండి. వంటనూనె వేస్తే కొన్నాళ్లకు జిగురుగా మారి చాకు తెరుచుకోవడమే కష్టమవుతుంది.

చాకు ఇంటికి రాగానే

డబ్బా పారేయకముందే నాలుగు సంగతులు చూడండి. మూసినప్పుడు బ్లేడు పిడి మధ్యలో ఉందా, పక్క పలకను రాసుకుంటోందా. తెరిచి, వెన్ను పట్టుకుని పక్కలకు మెల్లగా కదిపితే ఊగుతోందా. లాకున్నదైతే, వేళ్లు బ్లేడు దారిలో లేకుండా పట్టుకుని వెన్ను మీద అరచేత్తో కొద్దిగా నొక్కినప్పుడు లాకు నిలుస్తోందా. చివరగా న్యూస్‌పేపరు అంచును మడమ నుంచి మొన దాకా ఒకే లాగుడులో కోయండి. ఎక్కడ కాగితం చిరిగిందో అక్కడ అంచులో లోపం ఉంది. పదును లోపం ఒక్కటే అయితే సానరాయితో సరిచేసుకోవచ్చు. బ్లేడు ఊగినా, లాకు జారినా మాత్రం మీరు స్క్రూలు విప్పి బిగించే ప్రయత్నం చేయొద్దు, ఆ రోజే వెనక్కి పంపేయండి.